తెర మీద తువ్వాలు

ఆ కీబోర్డుల కంపెనీలో ఆయన్ని అసలు పేరుతో పిలిచే అలవాటు ఎప్పుడో పోయింది. గేటు దగ్గరి మనిషి నుంచి యజమాని దాకా అందరికీ ఆయన చెవిగారే. మొదట్లో వేళాకోళానికి పెట్టిన పేరే కాని, పోనుపోను అది బిరుదులా అతుక్కుపోయింది, ఆయన కూడా దాన్ని బిరుదులాగే మోసేవాడు. కీబోర్డులో మీట నొక్కితే మోగే వయొలిన్ ఎలా ఉండాలి, వేణువు ఎలా ఉండాలి, వాన చప్పుడు ఎలా ఉండాలి అన్నది తేల్చేది ఆయనే. ఆయన సరే అంటే సరే. కాదంటే ఎంత పెద్ద ఇంజినీరైనా నోరు మూసుకుని మళ్ళీ మొదటికి రావాల్సిందే.

ఆ పని చూడ్డానికి ఏమంత గొప్పగా ఉండదు. ముందు యంత్రంలో ఒక మొరటు శబ్దాన్ని పుట్టిస్తారు. రేకుని రంపంతో కోస్తున్నట్టు ఉంటుంది అది. కింది స్వరాలూ పై స్వరాలూ అన్నీ అందులోనే ఉంటాయి. అందులోంచి అక్కర్లేనిదాన్ని తీసేస్తూ పోతే చివరికి వయొలిన్ మిగలాలి. తీసేసే పని ఫిల్టర్లది. ఒక రకం ఫిల్టరు కిందివాటిని పోనిచ్చి పైవాటిని ఆపుతుంది. ఇంకో రకం పైవాటిని పోనిచ్చి కిందివాటిని ఆపుతుంది. మరొకటి రెండువైపులా కోసేసి మధ్యలో కిటికీ అంత సందు మాత్రం వదుల్తుంది. ఎక్కడ కోయాలన్నది ఒక లెక్కయితే, ఎంత నిటారుగా కోయాలన్నది ఇంకో లెక్క. దాన్నే వాలు అంటారు. స్వరం ఒక్కో స్థాయి పైకెక్కినకొద్దీ శబ్దం ఆరేసి డెసిబెల్లు తగ్గితే ఆరు వాలు, పన్నెండేసి తగ్గితే పన్నెండు వాలు. కొత్తగా చేరినవాళ్ళకి చెవిగారు ఈ వాలు మీద చెప్పే పాఠం కంపెనీలో అందరికీ కంఠతా వచ్చు.

"ఆరంటే మనిషి మాట్లాడుతూ మాట్లాడుతూ పక్కగదిలోకి నడిచి వెళ్ళినట్టు. పన్నెండంటే వెళ్తూ వెళ్తూ తలుపు దగ్గరగా వేసినట్టు. ఇరవై నాలుగంటే మొహం మీద ధడాలున వేసినట్టు. వయొలిన్‌కి ఇరవై నాలుగు పెట్టేవాడికి చుట్టాలు ఉండరు, స్నేహితులు ఉండరు. వాడితో మనకి మాటలొద్దు."

ఈ పాఠం విని కొత్తవాళ్ళు నవ్వేవాళ్ళు, పాతవాళ్ళు నవ్వినట్టు నటించేవాళ్ళు.

ఆయన బల్ల మీది కంప్యూటర్ తెరకి ఎప్పుడూ ఒక నీలం తువ్వాలు కప్పి ఉండేది. శబ్దంలో ఏ స్వరం ఎంతుందో ఆ తెర గీతలు గీసి చూపిస్తుంది. కంపెనీలో మిగతావాళ్ళంతా ఆ గీతల్ని నమ్ముకునే బతుకుతారు. చెవిగారికి అది కూర రుచి చూడకుండా గిన్నె బరువు తూచినట్టనిపించేది. "తెర చూస్తూ విన్నావంటే కళ్ళే వింటాయి, చెవులు పడుకుంటాయి," అనేవాడు. అప్పుడప్పుడూ ఇంటికి తీసుకెళ్ళి ఉతికించుకు రావడానికి తప్ప, ఆ తువ్వాలుని తొలగించిన పాపాన పోలేదు. ఒక శబ్దం తయారవగానే తన బావమరిదిని పిలిచి వినిపించేవాడు. ఆ బావమరిదిని కంపెనీలో చేర్పించిందీ ఆయనే, చెయ్యి పట్టుకుని పని నేర్పిందీ ఆయనే. అతను కళ్ళు మూసుకుని విని, "అద్భుతం బావా," అనేవాడు. అద్భుతం కాకుండా ఇంకేం అంటాడు పాపం.

ఇంట్లో కూడా ఆయన చెవికి తిరుగులేదు. కుళాయి కారడం మొదలవకముందే లోపల వాషరు అరిగిందని చెప్పేవాడని భార్య నలుగురిలో మురిసిపోతూ చెప్పుకునేది. ఆమె చిన్నపిల్లల బడిలో పాటల టీచరు. ఆ గొంతు వినే ఆయన ఆమెని పెళ్ళి చేసుకున్నాడు. "మా ఆయన పెళ్ళికి ముందు నన్ను చూడలేదు, విన్నారంతే," అని ఆమె నవ్వేది.

రెండేళ్ళ కిందట ఒక సెలవురోజు ఆమె బట్టలు ఆరేస్తూ పాడుకుంటోంది. ఆయన పేపరు పక్కన పెట్టి, "నీ గొంతుకేమైంది?" అన్నాడు.

"ఏమైందండీ?"

"పైన ఉండే మెరుపు పోయింది. దుప్పటి కప్పుకుని పాడుతున్నట్టుంది."

ఆయన ఏ చెడ్డ ఉద్దేశంతోనూ అనలేదు. తనకి వినపడింది వినపడినట్టు చెప్పాడు, అదే ఆయన వృత్తి. కాని ఆమెకి గుండెలో రాయి పడింది. గొంతు డాక్టరు దగ్గరికి పరుగెత్తింది. అతను లైటు వేసి చూసి, గొంతు నిక్షేపంలా ఉందమ్మా అన్నాడు. డాక్టరు చూసి చెప్పాడు, మొగుడు విని చెప్పాడు. ఆమె మొగుడి మాటే నమ్మింది. చెవిగారి పెళ్ళాం చెవిగారి చెవిని కాక ఇంకెవరి చెవిని నమ్ముతుంది? ఆ తర్వాత భయపడుతూ మరో రెండుసార్లు పాడి అడిగింది. ఇంకా మూసుకుపోతోంది అన్నాడాయన రెండుసార్లూ. పాడైపోయిన గొంతుతో పసిపిల్లలకి పాటలు నేర్పడం తప్పనిపించి, ఆమే బడివాళ్ళని అడిగి లైబ్రరీ పనికి మారింది. వద్దని ఎంతమంది చెప్పినా వినలేదు. పుట్టింటివాళ్ళు అడిగితే, బడిలో పని మార్చారని ఊరుకుంది.

ఇంట్లో పాట ఆగిపోయింది. పాటతో ఆగిందా అంటే లేదు. ఆమె మాట కూడా ఆయనకి గొణుగుడులా వినపడసాగింది. "నోట్లో నోట్లో ఏంటా గొణుగుడు? సరిగ్గా చెప్పు," అని ఆయన విసుక్కోవడం, "ఏం లేదులెండి," అని ఆమె లోపలికి వెళ్ళిపోవడం మామూలైపోయింది. భార్యకి తనంటే విసుగొచ్చిందని ఆయన అనుకున్నాడు. తన గొంతుతోపాటు మాటతీరు కూడా పాడైందని ఆమె అనుకుంది.

అలా ఉండగా ఒక సాయంత్రం ఆయన హెడ్‌ఫోన్ల తీగ కొనడానికి వాద్యాల దుకాణానికి వెళ్ళాడు. అక్కడ బట్టతల సేల్స్‌మన్ ఒకడు ఉన్నాడు, సాయంత్రాలు ఏదో బ్యాండులో కీబోర్డు వాయిస్తాడు. ఆయన్ని చూడగానే చేతులు తుడుచుకుంటూ ఎదురొచ్చాడు.

"సార్, మీ కొత్త మోడల్లో వయొలిన్లు ఎంత మెత్తగా ఉన్నాయో! ఇదివరకు పన్నెండు వాలు పెట్టేవారు కదా, ఇప్పుడు ఇరవై నాలుగుకి మారారు. చాలా మంచి పని చేశారు సార్."

చెవిగారికి తల కొట్టేసినంత పనైంది. "ఇరవై నాలుగా? నేనా?"

"కావాలంటే చూడండి." సేల్స్‌మన్ కీబోర్డు మీది చిన్న తెరలో వయొలిన్ లోపలి అంకెలు తెరిచి చూపించాడు. ఇరవై నాలుగే. అదొక్కటే కాదు, తను ఎక్కడో పైన పెట్టిన కోతని ఎవరో చాలా కిందికి దించేశారు. తను వదిలిపెట్టిన పైభాగమంతా తలుపు బయటే ఉండిపోయింది.

ఆయన హెడ్‌ఫోన్లు పెట్టుకుని మీటలు నొక్కాడు. తన వయొలినే. తన బల్ల దగ్గర కూర్చుని విన్నదానికీ దీనికీ ఇసుమంత తేడా తెలియలేదు. కళ్ళకి గంతలు కట్టినా పన్నెండుకీ ఇరవై నాలుగుకీ తేడా చెప్పగల మనిషి ఆయన. అనుమానమొకటి తొంగిచూసింది. కాని కోపం దానికన్నా పెద్దది, దాన్ని పక్కకి నెట్టేసింది. దుకాణంవాడి హెడ్‌ఫోన్లు నాసిరకానివి అనుకున్నాడు. తన పనిలో ఎవడో వేలు పెట్టాడు, వాడెవడో తేలాలి. కొనాల్సిన తీగ కొనకుండానే ఇంటికొచ్చేశాడు.

మర్నాడు వస్తూనే బావమరిది గదిలోకి దూసుకుపోయాడు. శబ్దాలన్నిటినీ చివరిసారి పరీక్షించి, కీబోర్డు చిప్పులోకి ఎక్కించే గది అది. చెవిగారి చెయ్యి దాటాక ఆ శబ్దాల్ని ముట్టుకునే మనిషి బావమరిది ఒక్కడే.

"ఎవడ్రా నా వయొలిన్ మీద తలుపేసింది?"

బావమరిది చేతిలోని టీ కప్పు కింద పెట్టాడు. "కూర్చో బావా. టీ తాగావా?"

"టీ సంగతి తర్వాత. పన్నెండు వాలు ఇరవై నాలుగు ఎలా అయింది?"

అతను నీళ్ళు నమిలాడు. "అదీ... చిప్పులో చోటు సరిపోలేదు బావా. కొంచెం సర్దాల్సొచ్చింది."

"నా చెవిలో పువ్వులు పెట్టకురా. వాలు మారిస్తే చిప్పులో చోటొస్తుందా? ఈ పని నీకు నేర్పిందెవరనుకున్నావ్? ఎన్నాళ్ళనుంచి సాగుతోంది ఈ భాగోతం?"

బావమరిది గోడవైపు చూస్తూ కూర్చున్నాడు.

"సరే, పెద్దాయన దగ్గరే తేల్చుకుంటా. నువ్వు మా ఆవిడ తమ్ముడివని ఊరుకుంటాననుకోకు. ఈ రోజుతో నీ ఉద్యోగం ఊడుతుంది."

ఆయన గుమ్మంవైపు తిరిగాడు. బావమరిది గబుక్కున వెళ్ళి తలుపుకి అడ్డం నిలబడ్డాడు. అతని మొహం చూస్తే కోపగించుకున్నవాడి మొహంలా లేదు, ఆస్పత్రి వరండాలో కూర్చున్నవాడి మొహంలా ఉంది.

"యజమాని దగ్గరికి వెళ్ళొద్దు బావా. వెళ్ళినా లాభం లేదు."

"ఏం? ఆయన్ని కూడా బుట్టలో వేసుకున్నావా?"

"మార్చమన్నది ఆయనే."

బావమరిది చెవిగారి మోచెయ్యి పట్టుకున్నాడు. "నీ గదికి పద. ఒక్కసారి ఆ తువ్వాలు తీద్దాం. తర్వాత నన్ను తిట్టు, కొట్టు, నీ ఇష్టం."

గది తలుపు వేసి, బావమరిది నీలం తువ్వాలుని తీసి మడతపెట్టి కుర్చీ మీద పెట్టాడు. చెవిగారు తయారుచేసి పంపిన వయొలిన్‌ని, తను ముట్టుకోకముందు ఎలా ఉందో అలాగే మోగించాడు. తెర మీద గీతలు లేచాయి. ఎడమవైపు పెద్ద దిబ్బ, అక్కడ్నుంచి కుడివైపుకి మెల్లగా దిగుతూ రావాలి. కొంత దూరం దిగింది కూడా. ఆ తర్వాత మళ్ళీ లేచి, కుడి అంచులో రెండో దిబ్బయి కూర్చుంది.

"ఏంటది?" అన్నాడు చెవిగారు.

"నీ వయొలిన్."

"వయొలిన్ ఎడంపక్కన ఉంది కదా. ఆ కుడిపక్కది?"

"అదీ నీదే బావా. ప్రతిసారీ ఇంకాస్త మెరుపు కావాలి, ఇంకాస్త కావాలి అని తెరుచుకుంటూ పెంచుకుంటూ పోయావే, అదే ఇది. నిజం చెప్పనా? వింటుంటే పళ్ళు జివ్వుమంటాయి. మొదటిసారి విన్నప్పుడు యంత్రం చెడిపోయిందనుకున్నాను."

"యంత్రం కాదు, నీ తెర చెడిపోయింది."

బావమరిది వాదించలేదు. శబ్దం మార్చి, జోరువానలాంటి హోరు పెట్టాడు. ఫిల్టరుని బాగా కిందికి మూశాడు, వాన ఎక్కడో దూరంగా పడుతున్నట్టయింది. "కళ్ళు మూసుకో. ఫిల్టరు మెల్లగా తెరుస్తాను. చప్పుడు మారుతున్నంతసేపూ చెయ్యి ఎత్తి ఉంచు. మారడం ఆగిపోగానే దించు."

ఉద్యోగంలో చేరిన మొదటిరోజు అతనికి చెవిగారు పెట్టిన పరీక్షే అది. కొత్తగా వచ్చిన ప్రతివాడికీ ఆయన పెట్టేదే. ఉక్రోషంతో కళ్ళు మూసుకుని చెయ్యెత్తాడు. వాన దగ్గరికొచ్చింది. కిటికీ దాకా వచ్చింది. గదిలోకి వచ్చి నెత్తిమీద పడింది. తర్వాత అక్కడే ఆగిపోయింది. ఆయన చెయ్యి దించి, "అయిపోయింది. పూర్తిగా తెరిచేశావు," అన్నాడు. గొంతులో గర్వం కూడా ఉంది.

కళ్ళు తెరిచి చూశాడు. బావమరిది చెయ్యి ఇంకా ఫిల్టరు తిప్పే మీట మీదే ఉంది, మీట ఇంకా తిరుగుతూనే ఉంది. ఆ వానని భరించలేక అతను మొహం పక్కకి తిప్పుకుని, పళ్ళు బిగబట్టి తిప్పుతున్నాడు. చెవిగారికి మాత్రం వాన అదే, అంతే.

"ఇంకా ఉందా?" అన్నాడాయన.

"ఇంకా చాలా ఉంది బావా."

ఆయన కుర్చీలో కూలబడ్డాడు. కింద మడతపెట్టిన తువ్వాలు ఉంది, దాని మీదే కూర్చున్నాడు. ఒక్కసారైనా దాన్ని పక్కకి లాగి ఉంటే ఆ రెండో దిబ్బ కళ్ళపడేది. నిజం మీద తన చేత్తోనే గుడ్డ కప్పి, దానికి గొప్ప సిద్ధాంతమని పేరు పెట్టుకున్నాడు.

"ఎంతమందికి తెలుసు?"

"అందరికీ తెలుసు."

"మరి పొద్దున్నే ఎదురొచ్చి చెవిగారూ చెవిగారూ అంటారేంట్రా?"

"ఏమని పిలవమంటావు బావా?" అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నీకు చెప్పాలని ఎన్నిసార్లు వచ్చానో. నువ్వు వినిపించి నా మొహంలోకి చూసేవాడివి. అద్భుతం అనేసి వెళ్ళిపోయేవాణ్ణి. నీ పని నీ దగ్గరే ఉండాలని, నీ పేరు చెడకూడదని, వెనకాల కూర్చుని కోసుకుంటూ వచ్చాను. పెద్దాయన కూడా అలాగే కానిమ్మన్నాడు."

చెవిగారు తెరవైపే చూస్తూ ఉండిపోయాడు. అవమానం ముందొచ్చింది. దాని వెనకే ఇంకోటి వచ్చింది, అది రాగానే అవమానం చిన్నదైపోయింది. ఆయన మెల్లగా తలెత్తాడు.

"మీ అక్క గొంతు ఎలా ఉందిరా?"

"అక్క గొంతా? దానికేం? బాగానే ఉందిగా."

"దుప్పటి కప్పినట్టు లేదూ?"

"దుప్పటేంటి బావా? ఫోన్లో మాట్లాడుతూనే ఉన్నాగా. ఎప్పటిలాగే గంటలా మోగుతూ ఉంటుంది. ఏం, అక్కకి ఒంట్లో బాలేదా?"

చెవిగారు చెప్పాడు. బట్టలు ఆరేస్తున్న రోజు నుంచి లైబ్రరీ పనిదాకా అంతా చెప్పాడు. వింటూ వింటూ బావమరిది మొహం పాలిపోయింది. బడివాళ్ళే పని మార్చారని అక్క చెప్తే అతను నమ్మాడు. రెండేళ్ళ కిందట తను నోరు విప్పి ఒక్క మాట చెప్పి ఉంటే అక్క ఈపాటికి పిల్లల మధ్య పాడుతూ ఉండేది. బావ మనసు కష్టపెట్టకూడదని తను పెట్టుకున్న తాళం వెళ్ళి అక్క నోటికి పడింది. గదిలో వాన హోరున కురుస్తూనే ఉంది, దాన్ని ఆపాలని ఇద్దరికీ తోచలేదు.

మరుసటి వారం చెవిగారు వినికిడి పరీక్ష చేయించుకున్నాడు. పరీక్ష చేసినావిడ ఒక కాగితం మీద గీత గీసి ఇచ్చింది. ఆ గీత ఎడమనుంచి కొంత దూరం తిన్నగా వెళ్ళి, ఆ తర్వాత జారిపోయింది. "ఇది ఎలా అర్థం చేసుకోవాలంటే..." అని ఆవిడ మొదలుపెట్టింది.

"అక్కర్లేదమ్మా. ఇలాంటివి గీసే నేను అన్నం తింటున్నాను," అన్నాడాయన. గీతమీద వేలు పెట్టి స్థాయికెంత దిగిందో లెక్క చూసుకున్నాడు. "ఇరవై నాలుగుకి దగ్గర్లో ఉంది," అని నవ్వాడు. ఆవిడకి ఆ నవ్వెందుకో తెలియలేదు. చెవి మిషను పెట్టుకుంటే మాటలు కొంత తెలుస్తాయని, పోయిన స్వరాలు మాత్రం తిరిగి రావని చెప్పింది. అది కూడా ఆయనకి కొత్త సంగతి కాదు. ఫిల్టరు తీసేసినదాన్ని ఏ మీటా వెనక్కి తేలేదు. లేనిదాన్ని ఎంత పెంచినా లేనట్టే. మిషను సంగతి తర్వాత చూద్దామని లేచి వచ్చేశాడు.

ఇంటికొచ్చేసరికి భార్య ముందుగదిలో కూర్చుని, బడినుంచి తెచ్చిన చిరిగిన కథల పుస్తకాలకి జిగురు పూసి అట్టలు వేస్తోంది. ఆయన ఎదురుగా కూర్చున్నాడు. దారిపొడుగునా ఎన్నో రకాలుగా కూర్చుకున్న మాటలు ఒక్కటీ నోటికి రాలేదు.

"నీ గొంతుకేం కాలేదు," అన్నాడు.

"ఇప్పుడా మాట ఎందుకండీ?"

"పోయింది నీ గొంతు కాదు. నా చెవి."

కాగితం చేతికిచ్చాడు. షాపులో అంకెల దగ్గర్నుంచి, తువ్వాలు తీసి, ఆమె తమ్ముడు ఇన్నాళ్ళూ ఉత్తినే అద్భుతం అంటూ వచ్చానని ఒప్పుకున్నదాకా చెప్పాడు. ఆమె జిగురు కుంచె గిన్నెలో పెట్టి, చేతులు ఒళ్ళో పెట్టుకుని విన్నది. తర్వాత ఆయన మొహంలోకి సూటిగా చూస్తూ, ఒక్కొక్క మాటా విడదీసి గట్టిగా అంది. అలా అంది కాబట్టే ఆయనకి అంతా వినపడింది.

"డాక్టరు బాగుందన్నాడు. హెడ్మిస్ట్రెస్ బతిమాలింది. పిల్లలు లైబ్రరీ గుమ్మం దగ్గరికొచ్చి, టీచర్ పాడండి పాడండి అని ఏడ్చారు. మీ ఒక్క మాట పట్టుకుని వాళ్ళందర్నీ అబద్ధాలకోరుల్ని చేశాను. పిల్లల్ని కూడా."

ఆయన తల వంచుకున్నాడు. తిట్టినా బాగుండును అనిపించింది. ఆమె తిట్టలేదు. కాగితాన్ని మళ్ళీ ఒకసారి చూసి, "మీకు నేనెలా వినపడతానో నాకు వినిపించండి," అంది.

వెనకగదిలో ఆయన పాత సింథసైజరు ఉంది. కాగితాన్ని పక్కన పెట్టుకుని, ఆ గీత ఎక్కడ జారుతుందో ఫిల్టరుని సరిగ్గా అక్కడికి దించాడు. వాలు ఇరవై నాలుగు పెట్టాడు. ఇన్నేళ్ళ పనిలో ఇంత తేలిగ్గా తయారైన శబ్దం ఇంకోటి లేదు. మైకు ఆమె ముందు పెట్టి, హెడ్‌ఫోన్లు ఆమెకి ఇచ్చాడు. బయటి చప్పుడు రాకుండా చెవుల్ని గట్టిగా పట్టేసే రకం అవి.

"ఏం పాడాలి?"

"ఏదైనా. పిల్లలకి నేర్పేదానివి కదా, కోడి పిల్లల్ని లెక్కపెట్టుకునే పాట."

ఆమె మొదలుపెట్టి, ఒక వరస కూడా పూర్తి కాకుండానే ఆగిపోయింది. కళ్ళు పెద్దవి చేసి ఆయనవైపు చూసింది. "ఇలాగా?"

"ఇలాగే."

"మాటలే తెలియట్లేదు కదండీ. బావిలోంచి ఎవరో మూలుగుతున్నట్టుంది." ఇంకో వరస పాడి, మళ్ళీ ఆగింది. "నాకే ఇలా వినపడి ఉంటే, నేనైనా ఆపెయ్యమనే అనేదాన్ని."

ఆ మాట క్షమించినట్టు అనిపించాలి. ఆయనకి అలా అనిపించలేదు. ఆమె ఇంత న్యాయంగా మాట్లాడటమే ఆయన గుండెని పిండేసింది.

"ఇప్పుడు మామూలుగా పెట్టండి," అంది ఆమె. "నా గొంతు నన్ను విననివ్వండి."

ఆమె పాడుతుండగా ఆయన ఫిల్టరు మీట తిప్పడం మొదలుపెట్టాడు. ఎక్కడ ఆపాలో చెప్పడానికి చెవి లేదు. అందుకని ఆమె మొహం చూస్తూ తిప్పాడు. కళ్ళు వినకూడదని తెరకి తువ్వాలు కప్పిన మనిషి, భార్య కనుబొమల కదలిక చూసి శబ్దం ఎక్కడిదాకా వచ్చిందో తెలుసుకుంటున్నాడు. తన హద్దు దాటి చాలా దూరం తిప్పాడు. తను విని ఉంటే అక్కడ ఏ మార్పూ తెలిసేది కాదు. ఆమె మొహం మాత్రం విచ్చుకుంటూ వచ్చింది. కళ్ళు చెమ్మగిల్లాయి. మీట చివరిదాకా తిరిగి ఆగింది.

పాట పైకెక్కేచోట ఆమె నుదురు ముడిపడింది. ఆగి, మళ్ళీ ఎత్తుకుంది. మళ్ళీ అక్కడే ఆగింది. హెడ్‌ఫోన్ల మీద చెయ్యి అదిమిపట్టుకుని మరోసారి ప్రయత్నించింది.

"పైన గీరుకుంటున్నట్టుంది," అంది. "రెండేళ్ళు నోరు మూసుకుంటే ఇలాగే అవుతుందా? లేకపోతే నా అనుమానమా? నాకే తెలియట్లేదు. మీరు చెప్పండి, బాగుందా?"

ఆ చివరి మాట ఆయనకి స్పష్టంగా వినపడింది. ఆమె కళ్ళలో భయం, ఆశ రెండూ ఉన్నాయి. రెండేళ్ళ కిందట కూడా ఇలాగే చూస్తూ అడిగింది.

"బాగుంది," అన్నాడు.

"మీకెలా తెలుసు?"

కోపంతో అడగలేదు. నిజంగానే అడిగింది, జవాబు కావాలని అడిగింది. ఆయన తడబడుతూ జేబులోంచి ఫోను తీశాడు. "మీ తమ్ముణ్ణి పిలుస్తాను. వాడి చెవి మంచిది. వాడొచ్చి విని చెప్తాడు."

ఆమె హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టింది. "వాడా?" అంది. "రెండేళ్ళు మీరు వినిపించి అడిగితే వాడు మీకేం చెప్పాడు?"

ఆయన వేలు ఫోను మీదే ఆగిపోయింది. ఆమె లేచి, జిగురు ఎండిపోతుందని ముందుగదిలోకి వెళ్ళి, మిగిలిన పుస్తకాలకి అట్టలు వేయడం మొదలుపెట్టింది.